నలభై ఆరు కిలోల మామిడిపళ్ళు

ఈ రోజు గన్నవరం నుంచి హైదరాబాదుకు విమానంలో వచ్చాను. ఆ కంపెనీకి ఉన్నది ఒకే విమానం, అందులో ఎనిమిది సీట్లు. ఎక్కే ముందు మనిషినీ ట్రంకుపెట్టెనూ కలిపి, వన్ టౌన్ గోదాముల్లో బస్తాల్ని తూచినట్టు కాటా మీద తూస్తారు. మర్యాదకేం లోటు లేదు.

విమానం ఎక్కాలన్న సరదా మా ఆవిడ సుశీలది. గవర్నర్‌పేటలో మూడు నెలల కిందటే రెండు టిక్కెట్లు కొన్నాం. ఆమె పోయి నెలన్నర అయింది. ఆమె కోరుకున్న కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంచి, పక్కన కూర్చుందామనుకున్నాను.

గుమాస్తా కాగితం చూశాడు. "రెండో వారేరండీ?"

"ఆవిడ పోయారండీ."

"అయ్యో. ఏమనుకోకండి మాస్టారూ, టిక్కెట్లు కొన్నప్పుడు ఆవిడ బరువు నలభై ఆరని రాసుకున్నాం. సీటు ఖాళీగా పంపితే అటుపక్క తేలికైపోద్దండీ."

ఒక నూజివీడు మామిడిపళ్ళ బుట్ట తెప్పించాడు. పైనుంచి రెండు పళ్ళు తీసి సరిగ్గా నలభై ఆరు చేసి, ఆ సీటులో పెట్టి బెల్టు కూడా కట్టించాడు. అంత నిక్కచ్చి మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఆసుపత్రిలో చివరిసారి తూచినప్పుడు సుశీల ముప్పై అయిదే. ఆ సంగతి అతనికి చెప్పలేదు. చెబితే ఇంకొన్ని పళ్ళు తీసేసేవాడు. విమానాల లెక్కలు తెలిసినవారెవరైనా ఉంటే, నేను చేసింది తప్పో కాదో చెప్పండి.