నడుమ ఆపకూడని పాట

భద్రాచలం నుంచి మణుగూరు వెళ్లే బస్సులో ఫోన్‌లో పాట వింటున్నాను. ఒపేరాలనే పాటల నాటకాలతో పేరు తెచ్చుకున్న ఒక ఇటలీ సంగీతకారుడు, నాలుగు తీగవాద్యాల కోసం రాసిన చిన్న రచన అది. మాటలుండవు. ఆయన నాటకాలు తెలిసినవాళ్లలో కూడా చాలామందికి దీని సంగతి తెలియదు.

పక్క సీట్లోని కోయ పెద్దాయన నా చెవి వైపే చూస్తుంటే, ఒక ఇయర్‌ఫోన్ తీసి ఆయనకిచ్చాను. కాసేపు విని, "ఎవరు పోయిండ్రు బిడ్డా?" అన్నాడు.

ఉలిక్కిపడ్డాను. "ఇది రాసినాయన స్నేహితుడు తాతా. వందేళ్లు దాటింది. మీకెలా తెలిసింది?"

"నేను మా ఊర్ల చావుకు డోలు కొడత. ఎరుకైతది."

ఇంతలో కండక్టర్ ఆయన ఊరి పేరు అరిచాడు. నేను పాట ఆపబోతే తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపకు. మా దగ్గర చావు డోలు మొదలైనంక నడుమ ఆపం. పోయినోడు తొవ్వలనే నిలబడిపోతడు."

"మీ ఊరొచ్చింది కదా తాతా!"

"ఊరు యాడికి పోతది?"

బస్సు కదిలింది. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. తర్వాతి స్టేజీలో దిగి, తలగుడ్డ సర్దుకుని, వచ్చిన దారినే వెనక్కి నడక మొదలుపెట్టాడు.

కూరలు తరుగుతూ ఈ పాట పెట్టుకుని, ఎవరో ఫోన్ చేస్తే ఆపేసి, మళ్లీ మర్చిపోయి... ఇన్నేళ్లలో ఆ పోయినాయన్ని నేను దారిలో ఎన్నిసార్లు నిలబెట్టానో!