మున్నీ కుడి చెవిలో ఫాల్ట్

ముందు చప్పుడు వస్తుంది. ఇనుప స్తంభాన్ని కటింగ్ ప్లేయర్‌తో కొట్టిన చప్పుడు. రెండే దెబ్బలు. నీళ్లలో రాయి వేసినట్టు గల్లీ పొడవునా వలయాలు వలయాలుగా సాగుతుంది. ఆ తర్వాతే, చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ వైపు మలుపులో, కూరగాయల సంచీతో వెస్లీ కనిపిస్తాడు.

ముప్పై నాలుగేళ్లు కరెంటు లైన్‌మన్‌గా చేశాడు. రిటైరయ్యాక కూడా ప్లేయర్ జేబులోనే ఉంటుంది. మూలమీది స్తంభాన్ని పలకరించకుండా ఇంటికి రాలేడు. ఆయన గేటు తీసేసరికి భార్య మాణిక్యమ్మ చాయ్ వడబోస్తూ ఉంటుంది. ఆ రెండు దెబ్బలు విని పొయ్యి వెలిగిస్తుందని ఆయన నమ్మకం.

ఇంట్లో మూడో ప్రాణి మున్నీ. సన్నటి నడుము, పొడుగు కాళ్లు, ఎండుగడ్డి రంగు. బీదర్ వైపు ఒక గొర్రెలకాపరి దగ్గర నెలన్నర పిల్లగా ఉన్నప్పుడు చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. కార్వానీ అనే వేటకుక్కల జాతి అది. మొరగడం దాదాపు ఎరగదు. అది కార్వానీ అంటే ఆయన బామ్మర్ది ప్రేమ్‌రాజ్ మాత్రం ఒప్పుకోడు.

"తోలు కింద బొక్కలు లెక్కవెట్టొచ్చు బావా! గీ గల్లీ కుక్కకు గంత సోకేంది? జర అన్నం వెట్టు."

"అసలు కార్వానీరా ఇది. కాగితం తెచ్చి నీ మొఖాన కొడ్త, సూడు."

నాలుగేళ్లుగా ఇదే లొల్లి. అందుకే జనవరిలో మలక్‌పేట మైదానంలో కుక్కల ప్రదర్శన ఉందని తెలియగానే వెస్లీ మున్నీకి స్నానం చేయించి ఆటో ఎక్కించాడు. జడ్జికి నచ్చితే జాతి రిజిస్టర్‌లో పేరెక్కుతుంది. కాగితం ఇస్తారు.

జడ్జి పుణె నుంచి వచ్చిన పెద్దమనిషి. ఆయన వేళ్లు మున్నీ మీద, కళ్లులేనివాళ్లు చుక్కల అక్షరాలు తడిమినట్టు కదిలాయి. ఛాతీ లోతు, పళ్ల వరుస, తోక వంపు అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. చివరికి చెవుల దగ్గర ఆ వేళ్లు ఆగాయి. ఎడమది చెంపకు ఆనుకుని వాలి ఉంది. కుడిది నిటారుగా, గాలికి ఎదురు నిలిచిన ఆకులా ఉంది. రెండూ వాలాలట. ఆయన కాగితం మీద రాసిచ్చాడు: ఫాల్ట్, కుడి చెవి. నెల తర్వాత ఇంకోసారి చూస్తానన్నాడు. అప్పటికి చెవి వాలితే పేరెక్కిస్తాడు.

ఇంకొకరైతే కుక్కలో లోపముందని చిన్నబుచ్చుకునేవాళ్లు. వెస్లీ చిన్నబుచ్చుకోలేదు. ఫాల్ట్ అంటే ఆయనకు పని. ఉందంటే వెతకాలి, సరిచేయాలి, లైను నడిపించాలి.

కుక్కల క్షవరం చేసే మహేందర్ చెవిని మెత్తటి టేపుతో నెలరోజులు వంచి ఉంచమన్నాడు. వెస్లీకి టేపంటే ఒక్కటే టేపు. తీగల మీద చుట్టే నల్ల టేపు తీసి నాలుగు చుట్లు చుట్టాడు. పీక్కుంటుందని మున్నీకి గొలుసు వేశాడు.

ఆ మర్నాడు ఆయన వచ్చేసరికి చాయ్ లేదు. రెండోనాడు గేటుకు లోపలినుంచి గడియ వేసి ఉంది. కొట్టాడు, పిలిచాడు. ఎదురింటి వాసవాంబ బయటికొచ్చి చూసింది గానీ మాణిక్యమ్మ రాలేదు. అరవై రెండేళ్ల వయసులో గోడ దూకాడు. లోపల ఆమె ఎల్లిపాయలు ఒలుస్తూ కూర్చుంది. చూపు మాత్రం చేతుల మీద లేదు, మున్నీ మీద ఉంది.

"ఇనవడ్తలేదా ఏంది? గల్లంత ఇన్నది!"

ఆమె ఆయన పెదవుల వంక చూసి, ఒక క్షణం ఆగి అంది. "పనిల వడ్డ. సోయి లేదు."

ఆ ఆగిన క్షణం వెస్లీలో గుచ్చుకుంది. బల్బు ఆరిన ఇంట్లో ఫాల్ట్ ఉండదు. రెండు గల్లీల అవతల ఎక్కడో తీగ తెగి ఉంటుంది. లైన్‌మన్ మొదట అడిగేది ఒకటే: ఎప్పటినుంచి?

పాత క్రిస్మస్ ఫొటోలు తీశాడు. మూడేళ్ల కిందటి దాంట్లో మున్నీ చెవులు రెండూ వాలి ఉన్నాయి. తర్వాతి దాంట్లో కుడిది లేచింది. ఆ మధ్యలో ఇంట్లో ఏం మారింది? మాణిక్యమ్మ టీవీ పెట్టడం మానేసింది. మోకాళ్ల నొప్పులని చర్చిలో పాడటమూ మానేసింది. పాటకు మోకాళ్లతో పనేమిటని అప్పుడు తను అడగలేదు.

తెల్లారాక, ఆమె గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి ప్లేయర్‌ను కుళాయి గొట్టం మీద కొట్టాడు. ఆమె తిరగలేదు. మళ్లీ కొట్టాడు. గిన్నె మీద ఆమె చేయి అలాగే తిరుగుతోంది. అప్పుడాయన మున్నీ దగ్గర కూర్చుని, వెంట్రుకలు ఊడకుండా నూనె రాసి, టేపు విప్పాడు. మూడోసారి కొట్టాడు. కుడి చెవి లేచి, గొట్టం వైపు తిరిగింది. కంటికొసలోంచి అది చూసిన మాణిక్యమ్మ తలెత్తి వెనక్కి చూసింది.

ఇద్దరి మధ్యా కుళాయి కారుతోంది.

"ఎప్పటిసంది?" ఆమెకు పెదవులు కనబడేలా అడిగాడు.

"రెండేండ్లు దాటింది."

"నాకెందుకు జెప్పలే?"

"నువ్వు ఫాల్ట్ అంటవని." ఆమె గిన్నె బోర్లించింది. "చెవి నీ స్తంభం దిక్కు తిరిగితే చాయ్ వెడ్త. వంటింటి దిక్కు తిరిగితే కుక్కర్. అది జెప్తది, నేను జేస్త. నడుస్తది గదా!"

జడ్జి మళ్లీ చూస్తానన్న రోజున వెస్లీ మలక్‌పేట వెళ్లలేదు. మాణిక్యమ్మను కోఠిలో చెవుల డాక్టరుకు చూపించాడు. డాక్టరిచ్చిన వినికిడి మిషన్ ఆమె సగం రోజు డబ్బాలోనే ఉంచుతుంది. దాంట్లో మస్తు లొల్లి అంటుంది.

జడ్జి కాగితం ఇప్పుడు గోడకుంది. ఫాల్ట్ అన్న మాట కింద వెస్లీ తన ఉద్యోగపు చేతిరాతతో చేర్చాడు: దొరికింది, లైను నడుస్తోంది.

"అంటే పేరెక్కలేదన్నట్టే గదా బావా," అని ప్రేమ్‌రాజ్ నవ్వితే, "పేరు ఎక్కకున్నా దాని చెవి గోడకెక్కింది, చాల్తియ్," అంటాడు వెస్లీ.

ఇదంతా అడిగి రాసుకుని లేచిన నన్ను ఆయన గేటుదాకా సాగనంపాడు. గడియ మీద చేయి వేసి, గొంతు తగ్గించకుండానే చెప్పాడు:

"మల్ల వచ్చినప్పుడు గేటు కొట్టకు సారూ. మూలమీది స్తంభాన్ని కొట్టు. నువ్వు నడిచొచ్చేసరికి చాయ్ అయితది."