షాలేం రాజు నీళ్ళలోకి దిగిన రోజు

షాలేం రాజుకు నీళ్ళంటే భయం. అతను విదేశంలో స్థిరపడిన కాపెల్ ఊళ్ళో అతన్ని ఎరిగిన తెలుగువాళ్ళకు అతని గురించి ఇంకేం తెలిసినా తెలియకపోయినా ఈ సంగతి మాత్రం తెలుసు. నరసాపురం దగ్గర కాలువ గట్టున పుట్టి పెరిగినవాడికి ఈత రాకపోవడమేమిటని అందరికీ తమాషాగా ఉండేది.

కారణం తెలిసింది అతని భార్య జెమీమాకు ఒక్కదానికే. అతనికి ఆరేళ్ళప్పుడు అన్న ఏలీయా ఆ కాలువలోనే మునిగిపోయాడు. ఏలీయాకు ఈత బాగా వచ్చు. గట్టు మీద పక్కపక్కన విడిచిన అన్న చెప్పులు చూసి, కొబ్బరితోటలోకి వెళ్ళుంటాడులే అనుకుని షాలేం రాజు వాటికి కాపలా కూర్చున్నాడు. చీకటి పడుతుంటే అమ్మ వెతుక్కుంటూ వచ్చి, ఆ చెప్పులు చూసి కెవ్వుమంది. పెళ్ళయిన కొత్తలో ఈ మాట జెమీమాతో చెప్పాడు. మళ్ళీ ఎత్తలేదు.

అతను ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎక్కడ ఏం తేడా వస్తుందోనని వెతకడమే ఉద్యోగం. ఇంట్లోనూ అదే వరస. పొయ్యి ఆపారా, తలుపు వేశారా, సీట్ బెల్ట్ పెట్టుకున్నారా. కూతురు ఫెబీని ఈత క్లాసులో చేర్చడానికి జెమీమా అతనితో నెలల తరబడి పోట్లాడాల్సి వచ్చింది. చేర్చాక, క్లాసు జరిగినంతసేపూ అతను పూల్ అంచున నిలబడేవాడు. మిగతా తల్లిదండ్రులు ముసిముసిగా నవ్వుకుంటుంటే జెమీమా కారులోకి వెళ్ళి కూర్చునేది.

ఏటా అక్టోబర్‌లో వాళ్ళు రాకేష్ కుటుంబంతో కలిసి ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న స్టేట్ పార్క్‌కి క్యాంపింగ్‌కి వెళ్ళేవారు. రాకేష్‌ది కరీంనగర్, మాటకారి. అతని భార్య తార జెమీమాకు ఆప్తురాలు. గుడారాలు వేసేది, మంట రాజేసేది, చికెన్ కాల్చేది షాలేం రాజు. పార్క్‌వాళ్ళు ఒడ్డున బోర్డుకి తగిలించి ఉంచే లైఫ్ జాకెట్లు తెచ్చి, మోకాలి లోతులో ఆడుకునే పిల్లలకు కూడా తొడిగేదీ అతనే. 'లైఫ్‌గార్డ్ అన్న' అని పేరు పెట్టాడు రాకేష్.

ఆ ఏడు ఫెబీకి పధ్నాలుగేళ్ళు. శనివారం మధ్యాహ్నం షాలేం రాజు గ్రిల్ దగ్గర ఉన్నాడు. మిగతావాళ్ళు కాస్త దూరంగా, ఓక్ చెట్టు నీడన మడతకుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"వదినా, అన్న ఎప్పుడన్న నీళ్ళల్ల కాలు పెట్టిండా?" అన్నాడు రాకేష్.

"స్నానానికి తప్ప లేదు," అంది జెమీమా.

అందరూ నవ్వారు.

"పోనీ, ఫెబీనే మునుగుతదనుకో. అప్పుడు దిగడా?"

జెమీమా గ్రిల్ వైపు చూసింది. పొగకి కళ్ళు నులుముకుంటూ భర్త ముక్కలు తిరగేస్తున్నాడు. "దిగరు. గట్టున నిలబడి ప్రార్థన చేస్తారు," అంది.

"టెస్ట్ చేద్దామా? అన్న టెస్టరే గద!" అన్నాడు రాకేష్.

ఫెబీకి ఈ ఆట మహా సరదాగా తోచింది. ఎన్నేళ్ళుగానో స్నేహితుల ముందు నాన్న తనకు లైఫ్ జాకెట్ తొడుగుతున్నాడు. వెళ్ళి వ్యాన్‌లో దాక్కుంది. కిటికీలోంచి అంతా కనబడుతుంది.

తార పరుగున గ్రిల్ దగ్గరికి వచ్చింది. "అన్నయ్యా! ఫెబీ కనబడట్లేదు. డాక్ మీదికి వెళ్ళింది, ఇప్పుడు చూస్తే లేదు!"

షాలేం రాజు చేతిలో పట్టుకారు కింద పడింది. డాక్ అంటే చేపలు పట్టేవాళ్ళ కోసం సరస్సులోకి కట్టిన చెక్క వంతెన. దాని మీద పరిగెత్తాడు. చివరికంటా వెళ్ళి ఆగిపోయాడు. అంచున ఫెబీ పసుపుపచ్చ క్రాక్స్ చెప్పులు పక్కపక్కన ఉన్నాయి.

అతను అరవలేదు, ప్రార్థన చెయ్యలేదు. కళ్ళజోడుతో, బూట్లతో దూకేశాడు.

"దిగిండు! అరే, అన్న దిగిండు!" రాకేష్ చప్పట్లు కొట్టబోయి, చేతిలో ఫోన్ ఉందని గుర్తొచ్చి వీడియో తీస్తూ ఉండిపోయాడు. షాలేం రాజు ఒకసారి పైకి తేలాడు. "ఫె..." అన్నాడు. నోట్లోకి నీళ్ళు పోయాయి. మళ్ళీ మునిగాడు. ఆ చేతులు ఈత కొట్టడం లేదు, నీళ్ళలో దేన్నో తడుముతున్నాయి. నవ్వులు ఆగడానికి కొంతసేపు పట్టింది. చిన్న పడవలో చేపలు పడుతున్న ఒక ముసలాయన మోటారు వేసుకుని వచ్చి, కాలరు పట్టి లాగకపోతే ఈ కథ అక్కడితో అయిపోయేది.

ఒడ్డున పడేశాక కక్కుకున్నాడు. ఊపిరి అందగానే లేచి మళ్ళీ నీళ్ళ వైపే వెళ్ళబోయాడు.

"పాప... లోపల పాప..."

"ఏం లేదన్నా, ఫెబీ వ్యాన్‌ల ఉంది! జోక్ చేసినం!" అని రాకేష్ భుజాలు పట్టుకుని ఆపాడు.

షాలేం రాజు అతని వంక చూశాడు. ఆ మాటకు అర్థం తెలియనట్టు చాలాసేపు చూశాడు. వ్యాన్ తలుపు తెరుచుకుని ఫెబీ దిగింది, ఉత్త కాళ్ళతో.

అంతలో పార్క్ కాపలా చూసే రేంజర్ వచ్చింది. ఏం జరిగిందని అడిగితే రాకేష్ నవ్వు మొహంతో, చిన్న తమాషా అన్నాడు. ఆమె షాలేం రాజునే మందలించింది. ఈత రాకుండా, లైఫ్ జాకెట్ లేకుండా డాక్ మీద నుంచి దూకడం ఎంత ప్రమాదమో పిల్లలకు చెప్పాల్సిన పెద్దవాళ్ళే ఇలా చేస్తే ఎలా అంది. అతను తలవంచుకుని, సారీ అన్నాడు. అంబులెన్స్ వద్దన్నాడు.

టవల్ కప్పుకుని బెంచీ మీద కూర్చున్నప్పుడు ఫెబీ వచ్చి పక్కన నిలబడింది.

"డాడీ, నువ్వు రియల్‌గా జంప్ చేస్తావ్ అనుకోలేదు."

అతను ఆమె కాళ్ళ వైపు చూస్తున్నాడు.

"నీ చెప్పులు అక్కడ పెట్టమన్నది ఎవరమ్మా? రాకేష్ అంకులా?"

"నో. మమ్మీ. షూస్ పెడితే డాడీ నమ్ముతాడు అంది."

షాలేం రాజు సరే అన్నట్టు తలూపాడు.

ఆ రాత్రికి అక్కడే ఉందామని మిగతావాళ్ళన్నారు. అతను తడి బట్టలు మార్చుకుని, మాడిన ముక్కలు తీసిపారేసి, మిగిలిన చికెన్ కాల్చి అందరికీ వడ్డించాడు. గుడారంలో జెమీమానే ముందు నోరు విప్పింది.

"అంత సీన్ చెయ్యాలా? అందరి ముందూ పరువు పోయింది."

అతను దుప్పటి మడత విప్పి పరిచాడు.

"ఒక్కసారి దిగితే మీకా భయం పోతుందేమో అనుకున్నానండీ."

"నేను దిగనని కూడా అన్నావట. తార చెప్పింది," అన్నాడు. జెమీమా అటు తిరిగి పడుకుంది.

వీడియో స్నేహితుల గ్రూప్‌లోంచి చర్చి గ్రూప్‌లోకి పాకింది. ఒక ఆదివారం పాస్టర్‌గారు కన్నతండ్రి ప్రేమ గురించి ప్రసంగిస్తూ దాన్ని తెర మీద వేశారు. మంచి ఉద్దేశంతోనే వేశారు. కానీ కళ్ళజోడుతో దూకే మనిషిని చూసి ముందు వరసలోని పిల్లలు కిసుక్కుమన్నారు. వాళ్ళను చూసి పెద్దవాళ్ళూ నవ్వారు. జెమీమా కూడా నవ్వింది. పాస్టర్‌గారు షాలేం రాజును లేచి నిలబడమన్నారు. నిలబడ్డాడు. చప్పట్లు కొట్టారు.

ఇంట్లో ఏ గొడవా జరగలేదు. అతను చెప్పడం మానేశాడు, అంతే. పొయ్యి ఆపారా అని అడగలేదు. సీట్ బెల్ట్ మాట ఎత్తలేదు. మరుసటి ఏడు వాళ్ళు క్యాంపింగ్‌కి బయలుదేరుతుంటే సామాను వ్యాన్‌లోకి ఎక్కించి, లోపలికి వచ్చి టీవీ పెట్టుకున్నాడు. అక్కడికి చేరాక గంటకోసారి ఫోన్ వస్తుందని ఫెబీ ఎదురుచూసింది. రాలేదు. "హాయిగా ఉంది," అంది జెమీమా. ఫెబీకి మాత్రం హాయిగా అనిపించలేదు.

ఆమెకు లైసెన్స్ వచ్చిన ఏడాది, ఒక సాయంత్రం ఏడుస్తూ ఫోన్ చేసింది. కిరాణా కొట్టు పార్కింగ్‌లో కారు స్తంభాన్ని గుద్దింది. చెయ్యి కదలడం లేదు. జెమీమా ఆస్పత్రిలో నర్సు డ్యూటీలో ఉంది, ఫోన్ ఎత్తడం లేదు.

"డాడీ, ప్లీజ్ రా."

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరో ఆంటీ. నాకు తెలీదు."

"ఆవిడకివ్వు."

ఎవరో ఆమె గాబరాగా ఇంగ్లీషులో మాట్లాడింది. అది తార గొంతు కాదని తేల్చుకునేదాకా విన్నాడు. తర్వాత తింటున్న కంచం కడిగి, చొక్కా మార్చుకుని బయలుదేరాడు.

అతను వచ్చేసరికి పోలీసులు వచ్చి వెళ్ళిపోయారు. వాళ్ళు అంబులెన్స్ పిలుస్తామంటే, నాన్న వస్తున్నాడని ఫెబీ వద్దంది. ఆ తెలియని ఆవిడే మంచుముక్కల సంచీ చేతికి ఆనించి ఆమెను పట్టుకుని కూర్చుంది. పార్కింగ్ ఆ చివర్నుంచి నాన్న నడిచి రావడం ఫెబీ చూసింది. పిల్లకు దగ్గొస్తే పరిగెత్తుకొచ్చే మనిషి నడిచి వస్తున్నాడు.

"ఇంతసేపు ఎందుకు పట్టింది డాడీ?"

"నిజమో కాదో తెలియలేదమ్మా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. సాధింపూ లేదు.

ఫెబీ ఏడుపు ఆగిపోయింది. అతను ఆ తెలియని ఆవిడకు థాంక్స్ చెప్పి, కూతుర్ని కారులో కూర్చోబెట్టాడు. ఫెబీ బెల్ట్ వైపు చూసి, అతని వైపు తిరిగి ఎదురుచూసింది. అతను ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఫెబీ మంచి చేత్తో బెల్ట్ లాక్కుని, రెండు మూడుసార్లు జారిపోయాక, తనే పెట్టుకుంది.