నేను ఎక్స్‌టర్నల్‌నైన పూట

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినమని మా ఆయన ఇంటికొచ్చిన చుట్టాలకు ముందే చెప్పి పెడతాడు. ఏ సగం తీసెయ్యాలో మాత్రం ఇన్నేళ్లు కాపురం చేసినా ఆయనకు తెలిసిరాలేదు. ఇది తీసెయ్యకూడని సగంలోది. నమ్మితే నమ్మండి, లేకపోతే టీ తాగి వెళ్లండి.

పిల్లలు ఉద్యోగాల్లో పడ్డాక, యాభైకి దగ్గరపడుతున్న వయసులో నేను బీఏలో చేరాను. చేరింది విద్యానగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీ. కాలేజీ అనగానే గేటూ మైదానమూ ఊహించుకోకండి. కింద మిర్చి బజ్జీల బండి, మొదటి అంతస్తులో పళ్ల డాక్టరు, రెండో అంతస్తులో మా చరిత్ర. మొఘలుల పతనం చెప్పిన రోజు కింద ఎవరిదో జ్ఞానదంతం పీకుతున్నారు. ఆ కేకలతో సామ్రాజ్యం కూలడం నా కళ్లకు కట్టింది. ఆ ఏడాది మరే పాఠమూ అంత బాగా అర్థం కాలేదు.

చరిత్ర చెప్పేదీ, హాజరు వేసేదీ, ప్రిన్సిపాల్ గదిలో కూర్చునేదీ ఒక్కరే సారు. ఆయన గైడు చూసి చదివేవాడు, మేం రాసుకునేవాళ్లం. మేం అంటే నేను. మిగతా పిల్లలు పేర్లు కాలేజీలో ఉంచి, మనుషులు మాత్రం బండ్ల మీద బిర్యానీ పొట్లాలు అందించుకుంటూ తిరిగేవాళ్లు.

ఒకరోజు పాఠంలో ఢిల్లీ సుల్తాను రాజధానిని దౌలతాబాద్‌కు మార్చాడు. జనమంతా మూటలు కట్టుకొని బయల్దేరాల్సి వచ్చింది. నేను చెయ్యెత్తాను.

"సార్, మరి కోళ్లను ఏం చేసిన్రు? పొయ్యి రాళ్లు మోసుకపోయిన్రా, గాడ కొత్తవి పెట్టుకున్నరా?"

సారు గైడులో ఆ పేజీని ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. "అది పరీక్షలో రాదమ్మా."

"రాకపోతే రాకపాయె సార్. సంగతేందో చెప్పుండ్రి."

"మీకు ఇంట్లో పనేం ఉండదా అమ్మా?"

నాకు రోషం వచ్చింది. మా ఇల్లు తార్నాకలో. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ పొద్దున్నే పక్కనున్న యూనివర్సిటీలో నడుస్తున్నాను. అక్కడి చెట్లకు నా చెప్పుల చప్పుడు తెలుసు. ఏ హాస్టల్లో పప్పు మాడిందో రోడ్డు మీద నుంచే చెప్పగలను. క్లాసు గదిలో మాత్రం ఒక్కనాడూ కూర్చోలేదు. ఆ రాతి గోడల వెనక, అడిగినదానికి జవాబు చెప్పే మనుషులుంటారని నా గట్టి నమ్మకం. సరిగ్గా అప్పుడే తెలిసింది. ఆ యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలో బీఏ చరిత్ర రెండో సంవత్సరంలో ఒక సీటు ఖాళీ అయింది. అందులోని పిల్లవాడు చరిత్ర మీద విరక్తి పుట్టి హోటల్ మేనేజ్‌మెంటుకి వెళ్లిపోయాడట. వేరే కాలేజీల వాళ్లు బదిలీ మీద రావచ్చు. మొదటేడు మార్కులు చూస్తారు, ఆపైన ఇంటర్వ్యూ.

"గాడ సీటు దొరకాల్నంటే పైరవీ ఉండాలె. నీకెవలున్నరే?" అన్నాడు మా ఆయన.

తార్నాకలో యూనివర్సిటీ లోపల 'మనోడు' లేని ఇల్లు లేదు. మా కింది ఫ్లాటాయనకు రిజిస్ట్రారుకు దగ్గరి మనిషి తెలుసు. పాలాయనకు ఆ దగ్గరి మనిషి బావమరిది తెలుసు. కూరగాయలామెకు పెద్ద సారువాళ్లింట్లో ఏ పూట ఏ కూరో తెలుసు. ఇంతమంది కలిసి నాకు చేసిన సాయం ఏమిటంటే, నేను సీటుకు పెట్టుకున్న సంగతి మల్కాజ్‌గిరి దాకా పాకించడం.

ఇక మా కాలేజీ అభ్యంతరం లేదని రాసివ్వాలి. సారు ససేమిరా అన్నాడు. "మీరు పోతే నేను పాఠం ఎవరికి చెప్పాలమ్మా?" న్యాయమైన బాధే. నేను వాదన పెట్టుకోలేదు. ప్రశ్నలు పెంచాను. వారం తిరక్కముందే ముద్ర కొట్టి ఇచ్చాడు. 'ఉత్తమ విద్యార్థిని, జాప్యం లేకుండా చేర్చుకోగలరు' అని అడక్కుండానే ఒక వాక్యం కలిపాడు.

ఇంటర్వ్యూ రోజున గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీర కట్టుకున్నాను. కళ్లద్దాలకు మెడలో తాడు. జుట్టుకు రంగు వెయ్యడం మానేసి చాలా కాలమైంది. అద్దంలో చూసుకుంటే బాగానే ఉన్నాననిపించింది. ఎవరిలా ఉన్నానో మాత్రం తట్టలేదు.

చరిత్ర డిపార్ట్‌మెంటు వరండాలో బెంచీ మీద అభ్యర్థులు కూర్చొని ఉన్నారు. చివర్న వీపుకు సంచి తగిలించుకొని, జీన్సు ప్యాంటుతో, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఒక అమ్మాయి. ఆమె పక్కన కూర్చున్నానో లేదో అటెండరు పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో మేడం! మీరు గీడ కూసున్నరేంది? లోపలికి రాండ్రి!"

"కాదయ్యా, నేను..."

"సార్ పొద్దటిసంది మీ గురించే అడుగుతున్నడు. సంచి ఇటియ్యిండ్రి."

నా చేతిసంచి వాడి చేతిలోకి, నేను వాడి వెనక గదిలోకి వెళ్లిపోయాం. లోపల హెడ్డు సారు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జోడించారు. గోదావరి వైపు మనిషి, మాటలో వెన్న ఉంది.

"రండి మేడం, రండి. ట్రాఫిక్ బాగా ఇబ్బంది పెట్టిందాండీ?"

"లేదు సార్, తార్నాక నుంచి నడిచొచ్చిన."

"తార్నాక గెస్ట్‌హౌస్ నుంచి నడిచే వచ్చేశారా! మీ నిరాడంబరత గురించి విన్నానండీ. చూడటం ఇదే."

అప్పుడు వెలిగింది నాకు. వేరే యూనివర్సిటీ నుంచి ఇంటర్వ్యూ చెయ్యడానికి రావాల్సిన ఎక్స్‌టర్నల్ మేడం నేనని అనుకుంటున్నారు. ఆవిణ్ని ఆయన ఎన్నడూ చూడలేదు. పేరడిగితే పెద్ద మనిషికి అవమానమని అడగడం లేదు. యూనివర్సిటీలో నెరిసిన జుట్టునూ గంజిపెట్టిన చీరనూ నువ్వెవరని అడిగే ఆచారం లేదు. కుర్చీ వెయ్యడమే.

ఆ కుర్చీకి చేతులున్నాయి, మెత్త ఉంది. ముందు టీ, ఉస్మానియా బిస్కెట్లు, వేయించిన జీడిపప్పు. జీడిపప్పు అవగానే చెప్పేద్దామనుకున్నాను. పాపిష్టి అటెండరు ప్లేటు ఖాళీ కానిస్తేనా!

"మొదలుపెడదామాండీ?" అన్నారు సారు.

మొదటి పిల్లవాడు టై కట్టుకొచ్చాడు. ఇక్కడికి ఎందుకు రావాలనుకుంటున్నావంటే, 'సమగ్ర వికాసం' అన్నాడు. సారు నా వైపు చెయ్యి చూపించారు, అడగమని. నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటే. కోళ్ల ప్రశ్న అడిగాను.

"దీనికి రెండు కోణాలున్నాయి మేడం," అన్నాడు వాడు. రెండూ బయటపెట్టకుండానే వెళ్లిపోయాడు.

సారు మాత్రం కళ్లు మూసుకొని తలాడించారు. "ఆహా! మీ ప్రశ్నలో సబాల్టర్న్ దృష్టి ఉందండీ."

మామూలు జనం వైపు నుంచి చరిత్ర చూడటాన్ని అలా అంటారని నాకు తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం కంటి డాక్టరు చెప్పే లోపం లాంటిదనుకొని, "నలభై దాటినప్పటి నుంచి ఉన్నది సార్," అన్నాను. సారు ఆ మాటను కాగితం మీద రాసుకున్నారు.

రెండో పిల్లవాణ్ని ఏమడిగినా తలుపు సందులోంచి వాళ్ల నాన్న జవాబిచ్చాడు. మార్కులు ఎవరికి వెయ్యాలో తేలక ఇద్దరికీ కలిపి సగం వేశాను.

మూడో అభ్యర్థి ఒక అమ్మాయి. ముషీరాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి ఏదో చిన్న కాలేజీలో చదువుతోంది. ఇక్కడికెందుకని సారు అడిగారు.

"మా కాలేజీల చరిత్రకు సారు లేడు సార్. ఆటల సారే చెప్తడు. విజిల్ కొట్టి ఒక రాజును దించి ఇంకో రాజును ఎక్కిస్తడు."

నేను కోళ్ల సంగతి అడిగాను. ఆ పిల్ల నవ్వలేదు.

"ఢిల్లీ సంగతి నాకెరుక లేదు మేడం. మా ఊరు రిజర్వాయరు కింద మునిగింది. కోళ్లను గంపల కమ్మి ట్రాక్టర్ల ఏసినం. పొయ్యి రాళ్లు మా అమ్మమ్మ ఇడిసిపెట్టలే. కొత్త కాలనీల గ్యాసు పొయ్యి ఉన్నా, ఆ రాళ్లు తలాపుకు పెట్టుకొని పండేది. కోళ్లయితే చానా దినాలు గుడ్లే పెట్టలే. గదంత ఎవరన్న రాసిన్రా అని చూసిన. ఎంత నీళ్లు నిలుస్తయో రాసిన్రు, అంతే. అందుకే చరిత్ర తీసుకున్న."

సారు టీ కప్పు పక్కకు జరిపి, ఆ పిల్ల ఊరి పేరు అడిగి రాసుకున్నారు.

ఆ పిల్ల వెళ్లాక మార్కుల కాగితం నా ముందుకు వచ్చింది. ఉన్నది ఒక్క సీటు. కలం నా చేతిలో ఉంది. ఈ పిల్లకు నాలుగు మార్కులు తగ్గిస్తే సీటు దాదాపు నా ఒళ్లోకి వచ్చినట్టే. పైగా నాకు నేనే వేసుకునే అవకాశం కూడా ఉన్నట్టుంది! ఇంత పైరవీ తార్నాక చరిత్రలో ఎవరికీ దొరికి ఉండదు. కలం కొంచెంసేపు గాలిలో ఆడించాను. తరవాత, ఛీ అనుకొని, ఆ పిల్లకు నిండుగా వేశాను.

అప్పుడు అటెండరు తలుపు దగ్గర నిలబడి నా పేరు పిలిచాడు. వరండాలో ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు.

"ఆబ్సెంట్ వేసేద్దామండీ," అన్నారు సారు.

"వెయ్యకుండ్రి సార్. వచ్చిన్నేను."

సారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకొని నన్ను చూశారు.

"మీరు... క్యాండిడేటా?"

"ఆఁ సార్."

"మరి చెప్పరేమండీ!"

"చెప్పబోతే బిస్కెట్లు పెట్టిన్రు."

సారు ముఖం ఎర్రబడింది, తెల్లబడింది, చివరికి గోడ రంగులోకి వచ్చి ఆగింది. "అయితే ఎక్స్‌టర్నల్ ఎక్కడయ్యా?" అని అటెండరు మీద అరిచారు.

"బయట ఎవ్వలు లేరు సార్, గా సంచి పిల్ల తప్ప."

సంచి పిల్ల తనంతట తనే లోపలికి వచ్చింది. ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకుంది. "నేనే సార్ ఎక్స్‌టర్నల్‌ని. పొద్దుట్నుంచి ఈయనకు చెబుతూనే ఉన్నాను. 'వంతు వస్తే పిలుస్తం, ఫోను బంద్ చేసుకో బిడ్డా' అంటాడు."

"ఎట్ల నమ్మాలె సార్?" అన్నాడు అటెండరు, నా వైపు చూపిస్తూ. "మేడం అంటే గట్లుండాలె."

ఆ అమ్మాయి పెద్దగా నవ్వింది. కానీ పని దగ్గర గట్టి మనిషి. నా మార్కులు చెల్లవంది. క్యాంటీన్లో ఉన్నవాళ్లను, బస్టాపులో ఉన్నవాళ్లను వెనక్కి పిలిపించి, అందరినీ మొదటి నుంచీ తనే అడిగింది. చివర నా వంతు. ఈసారి చేతుల్లేని కుర్చీ.

"ఇక్కడికెందుకు రావాలనుకుంటున్నారు?"

ఈ ప్రశ్నకు నేను నెల రోజులుగా ఒక కథ అల్లి ఉంచుకున్నాను. దాన్ని విప్పాను. ఈ రాతి భవనం కట్టేటప్పుడు మా నాయనమ్మ కూలికి వచ్చిందనీ, ఎత్తు చాల్లేదని ఇంజనీరు బెంగ పడుతుంటే ఇంకో వరస పెట్టమని సలహా ఇచ్చిందనీ, అందుకే భవనం అంత ఠీవిగా ఉందనీ చెప్పాను.

"ఆధారం?" అంది ఎక్స్‌టర్నల్.

"మా నాయనమ్మ."

"ఆమె కాకుండా వేరే ఆధారం?"

"మా నాయనమ్మ చెల్లెలు."

ఆమె పెదవి బిగబట్టుకొని మార్కులేసింది. సాయంత్రం ఫలితం గోడకు అంటించారు. సీటు ముషీరాబాద్ పిల్లకు వచ్చింది. నాది వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు. ఆ పిల్లకు ఆమె కూడా నిండుగానే వేసిందట. ఆ ఒక్క విషయంలో నేనూ ఎక్స్‌టర్నల్‌నే.

ఇవన్నీ ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ సాయంత్రం తార్నాక చౌరస్తా దాకా తలెత్తకుండా నడిచాను. మా ఆయన తలుపు తీసి నా ముఖం చూసి, వెళ్లి టీ పెట్టాడు. పెళ్లయ్యాక ఆయన టీ పెట్టడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. చక్కెర వెయ్యడం మరిచిపోయాడు. నేను అట్లాగే తాగేశాను.

క్లాసులు మొదలైన కొన్నాళ్లకు, పొద్దున నడకలో వెనక నుంచి కేక వినబడింది. "మేడం!" ఆ పిల్లే.

"నేను మేడాన్ని కాదు బిడ్డా. నీ వెనక వెయిటింగ్ లిస్టును."

"ఎరుకే. మీ కథ మా క్లాసుల అందరికెరుకే. మరి ఏమని పిలవాలె?"

"అత్తా అను."

"వద్దు. ఇంట్ల ఉన్న ఒక్క అత్తతోనే పరేషాన్ ఉన్నది. మేడమే అంట."

అప్పటి నుంచి వారానికి ఒకటి రెండుసార్లు క్లాసు అయిపోగానే మా ఇంటికి వస్తుంది. నేను బియ్యప్పిండిలో ఉల్లిగడ్డలు కలిపి సర్వపిండి కాల్చి పెడతాను. తింటూ ఆ రోజు చెప్పిన పాఠం నాకు చెబుతుంది. ఆటల సారు చలవ, ఇప్పటికీ రాజు మారినప్పుడల్లా ఈల వేస్తుంది. అర్థం కానిచోట నేను అడుగుతాను, తనకు తెలియకపోతే మర్నాడు క్లాసులో అడిగి వస్తుంది. నా శరీరం విద్యానగర్ రెండో అంతస్తులో ఉన్నా, నా ప్రశ్నలకు మాత్రం క్యాంపస్‌లో సీటు దొరికినట్టయింది.

మొన్న ఒక ప్రశ్న పంపాను. సుల్తాను మనసు మార్చుకొని మళ్లీ అందరినీ ఢిల్లీకి పొమ్మన్నాడు కదా. 'మేం రాం, ఏం చేసుకుంటవో చేసుకో' అని దౌలతాబాద్‌లోనే కూర్చున్నవాళ్లు లేరా? వాళ్ల సంగతేంది?

మర్నాడు ఆ పిల్ల చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"హెడ్డు సారు క్లాసుల అడిగిన మేడం. 'ఈ ప్రశ్న నీది కాదు కదమ్మా' అన్నడు. కాదన్న. నవ్విండు."

"నవ్వి?"

"'నాకు తెలియదని చెప్పు ఆవిడకు' అన్నడు. 'వెతికి చూస్తానని కూడా చెప్పు' అన్నడు."

తెలియదన్నాడు! పరీక్షలో రాదని కాదు, ఇంట్లో పని చూసుకొమ్మని కాదు. అంత చదువుకున్న మనిషి, క్లాసు నిండా పిల్లల ముందు, నాకు తెలియదన్నాడు. దీని కోసం కాదూ నేను ఆ గోడల వెనక్కి పోవాలనుకున్నది!

"ఏంది మేడం, ఏడుస్తున్నరా?" అంది ఆ పిల్ల.

"ఉల్లిగడ్డలు," అన్నాను. సర్వపిండిలో ఇంకో ముక్క దాని కంచంలో వేసి, అది నములుతుండగానే రేపటికి ఇంకో ప్రశ్న చెప్పాను.