శోభనాద్రి పడవలో దొంగలు

బందరు పక్కన గిలకలదిండిలో పడవలు కట్టే శోభనాద్రి పోయి రెండేళ్లయింది. చదువు రాదు గానీ, చెక్క మీద చెయ్యి పెట్టి అది ఎన్నాళ్లు ఉప్పునీటిని తట్టుకుంటుందో చెప్పేవాడు. 1997లో స్వాతంత్ర్య స్వర్ణోత్సవాలకి అతన్ని పిలిపించిన పాపంలో నాకూ వాటా ఉంది. నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టారిని. శకటం బొమ్మ గీసింది నేనే.

మా ఉత్సవ కమిటీ కార్యదర్శి నరసింహం గారికి మూడొందల ఏళ్లనాటి బందరు రేవుని చూపించాలని ముచ్చటేసింది. ముందు లారీ మీద ఈస్టిండియా కంపెనీ ఓడ, వెనక లారీ మీద చిన్న పడవ. మన పడవే కదా అని శోభనాద్రి మురిసిపోయాడు. ఇనప మేకన్నది వాడకుండా, పాతకాలం పద్ధతిలో చెక్కలని కొబ్బరితాడుతో కుట్టాడు. పదిహేను రోజులు తిండీ నిద్రా దాని దగ్గరే. పడవలో నిలబడటానికి తన వీధి జాలర్లనే ఆరుగుర్ని ఒప్పించి తీసుకొచ్చాడు.

పంద్రాగస్టు పొద్దున్నే పరేడ్ గ్రౌండు బయట ఆ ఆరుగురి మొహాలకీ మసి పూసి, చేతికి అట్టకత్తులిచ్చారు. ఇదేమిటని శోభనాద్రి నన్నడిగాడు. పడవకి కట్టిన బోర్డు చదివి వినిపించాను: సముద్రపు దొంగలు. అది రాసిందీ నేనే. ముందురోజు నరసింహం గారు చీటీ ఇస్తే మారుమాట్లాడకుండా రాసిచ్చాను. సిగ్గులేని పని.

అతను తిన్నగా నరసింహం గారి దగ్గరికి వెళ్లాడు.

"పెద్ద ఓడలు ఇక్కడ ఒడ్డుకి రాలేవండి, అంతా బురద మేట. నాలుగైదు మైళ్ల అవతలే లంగరేసేవంట. ఆ దొరల్నీ, ఆళ్ల సరుకునీ అలల్లోంచి తెచ్చి దింపింది మా పడవలేనండి. మా తాతలు దొంగలెట్టా అయ్యారు?"

నరసింహం గారు వాచీ చూసుకుని, దొంగలు లేకపోతే కంపెనీవాళ్లు ఎవర్ని కాలుస్తారయ్యా, జనానికి ఏదో ఒకటి కనబడొద్దా అన్నారు. ఇదీ ఆయనగారి చరిత్ర! మన నేల మీద కోటలు కట్టుకుని, ఫిరంగులు పెట్టుకుని, వాళ్లలో వాళ్లు కొట్టుకుచచ్చినవాళ్లు దొరలట. వాళ్లని ఒడ్డుకి చేర్చినవాళ్లు దొంగలట. స్వాతంత్ర్యం వచ్చిన యాభై ఏళ్లకి, మన జెండా కింద, మనవాళ్లే దీన్ని ఊరంతటికీ చూపించబోతున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

శోభనాద్రి పడవ దగ్గరికెళ్లి, దిగండ్రా అన్నాడు. ఆరుగురూ కత్తులు అక్కడే పడేసి దిగి, తువ్వాళ్లతో మసి తుడుచుకున్నారు. ఈలోగా మైకులో మా శకటం పేరు పిలిచేశారు. లారీలు కదిలాయి.

వేదిక ముందుకి రాగానే ఓడలో ఎర్రకోట్లేసుకుని దొరల వేషం కట్టిన కాలేజీ కుర్రాళ్లు వెనక్కి తిరిగి, ఖాళీ పడవ మీదికి టపాకాయలు పేల్చారు. జనం గొల్లున నవ్వారు. నరసింహం గారు పరుగెత్తుకొచ్చి, పడవ పక్కనే నడుస్తున్న శోభనాద్రి భుజం పట్టుకుని, దొంగలు ఏరయ్యా అని అందరిముందూ నిలదీశారు.

అతను ఆ చెయ్యి తీసేసి, ముందు లారీ వైపు చూపించాడు.

"ఓడలోనే ఉన్నారండి."