ఎర్రబిళ్ల ఈరమ్మలు

ఖాలా పోయిందని మొన్న శుక్రవారం పొద్దున ఆదోని నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందక్కా. రాత్రి బాగనే తినింది. ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ లేదని నన్ను తిట్టింది గూడా. పొద్దున లేపితే లేయలేదు" అన్నాడు. ఏడవబోయినదాన్ని ఆ బజ్జీ మాటకు నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక కూర్చుని బాగా ఏడ్చాను.

ఆమె నాకు చుట్టం కాదు. డెబ్బైల చివర్లో ఆదోనిలో ఒక పత్తి మిల్లులో నేను గుమాస్తాగా చేరేనాటికి ఆడకూలీల గేటు ఆమె చేతిలో ఉండేది. ఖాలా అంటే పిన్నమ్మ. సాయిబుల ఇళ్లవాళ్లే కాదు, మిల్లులో అందరూ అలాగే పిలిచేవాళ్లు, ఓనరుతో సహా. గేటు పక్కన స్టూలు వేసుకుని, లోపలికి పోయే ప్రతి ఆడమనిషినీ ఏదో ఒకటి అంటేగానీ ఆమెకు తెల్లారేది కాదు. "ఏమే, కొత్తగాజులు! మొగుడు మంచోడైనాడా, నువ్వే గట్టిదానివైనావా?" అనేది. తినకుండా వచ్చినవాళ్లను మొహం చూసి పట్టేసేది. తిట్టుకుంటూనే తన మూటలోంచి జొన్నరొట్టె తుంచి చేతిలో పెట్టేది. "కడుపు కాలేదానికి నీతులు సెప్పొద్దు పాపా, ముందు రొట్టె పెట్టు" అని నాకు బోధ. ఆ బోధ విని నేనూ రొట్టె అడిగితే, "నీకు జీతమొస్తాది గదా, పో" అని తరిమేది.

మా పక్క పేర్ల సంగతి తెలిసిందే. మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు దేవుడి పేరు పెట్టకపోతే ఆయన ఊరుకుంటాడా? అందుకే ఇంటికొక ఈరన్న, వీధి వీధికీ ఈరమ్మలు. సాయిబుల ఇళ్లలో ఖాజాలు, మాబున్నీలు. మిల్లులో "ఈరమ్మా" అని కేకేస్తే సగం షెడ్డు తిరిగి చూసేది. ఖాలా మాత్రం జట్టును బట్టి పిలిచేది. కట్టెల జట్టు ఈరమ్మ, బస్తాల జట్టు ఈరమ్మ, ఉయ్యాల ఈరమ్మ. "పేరు నాయన పెడతాడు, నంబరు మేనేజరు పెడతాడు. ఆ రెంటి నడాన మనిషి తప్పిపోగూడదు" అనేది.

చాలా ఏళ్ల తరవాత నేను కంప్యూటర్ల పనిలో పడ్డాను. విండోస్ డొమైన్‌లో ఉన్న మనుషుల్నీ, వాళ్ల గ్రూపుల్నీ యునిక్స్ అకౌంట్లకు జతపరచడం నా ఉద్యోగం. ఆ పక్క ఒక పేరుతో ఉన్న మనిషి ఈ పక్క ఒక నంబరుగా ఉంటాడు. ఎవరు ఎవరో, ఏ గుంపువాళ్లు ఏ ఫైలు తెరవొచ్చో మనమే కలపాలి. జత దొరకనివాళ్లను 'నోబడీ' అనే ఖాతాలో పడేస్తారు. లోపలికి వస్తారు గానీ ఏదీ ముట్టుకోలేరు. కుర్రాళ్లు ఈ పనికి తలలు పట్టుకుంటే నాకు నవ్వొచ్చేది. దీన్ని నేను ఎనభైల్లోనే, కంప్యూటరు మొహం చూడకముందే, ఎమ్మిగనూరులో చూశాను మరి.

అప్పట్లో మా ఓనరు ఎమ్మిగనూరులో ఒక బట్టల షెడ్డు కొన్నాడు. అక్కడి మేనేజరు మంచివాడే గానీ తొందర ఎక్కువ. పేర్లతో పని లేదన్నాడు. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడిబిళ్ల, దారంతో మెళ్లో వేసుకోవాలి. బిళ్లకు వేసిన రంగును బట్టి ఏ గదిలోకి పోవచ్చో తెలుస్తుంది. ఆకుపచ్చది నూలు గదికి. ఎర్రది ఉయ్యాల గదికి, అంటే పాలిచ్చే తల్లులు పసిబిడ్డల్ని పడుకోబెట్టే గదికి. పెత్తనం చేసేవాళ్లకు పసుపుది, అది ఏ గదికైనా. ఏదీ కుదరనివాళ్లకు సున్నా బిళ్ల. దాంతో గేటు దాటి వరండాలో కూర్చోవచ్చు, అంతే.

ఆదోనిలో పత్తి సీజను అయిపోగానే మా ఆడవాళ్లను ఎమ్మిగనూరు పంపించారు. వాళ్లు పొద్దున్నే లారీలో వెళ్లారు. ఆ గేటు పెత్తనం కూడా ఖాలాకే అప్పగించి, పసుపుబిళ్ల ముందే పంపారు. ఆమె, నేను వెనక బస్సులో బయల్దేరాం. దారి పొడుగునా కిటికీ సీటు కోసం ఆమె ఒక పెద్దమనిషితో పోట్లాడుతూనే ఉంది, గెలిచింది కూడా. మేం చేరేసరికి మేనేజరు ఎవర్నీ అడగకుండా బిళ్లలు పంచేసి కర్నూలు వెళ్లిపోయాడు. ఎర్రబిళ్ల ఈరమ్మకే ఇచ్చాడు. కాకపోతే కట్టెల జట్టు ఈరమ్మకు. ఆమెకు మునిమనవళ్లు ఉన్నారు.

"నాకు ఉయ్యాల గదంటప్పా! నా మొగుడు ఇంటే సమాధిలోనుంచి లేసొస్తాడు!" అని గేటంతా నవ్వించి, ఎలాగూ కట్టెల పని లేదు కదా అని, ఆ ఎర్రబిళ్ల కొంగున కట్టుకుని ముసలమ్మ సంత చూడ్డానికి పోయింది.

నెలల బిడ్డతో వచ్చిన ఉయ్యాల ఈరమ్మకు సున్నా. బిడ్డను పొద్దునే ఆయా లోపలికి తీసుకుపోయింది. తల్లి వరండాలో. ఎండ నడినెత్తికొచ్చేసరికి లోపల ఏడుపు మొదలైంది.

"ఖాలా, అది నా బిడ్డ గొంతే. నాకు తెలుస్తాది" అంటూ లేచి నిలబడింది ఆ పిల్ల. రవిక తడిసిపోయి, కొంగు నిండా కప్పుకుంది.

వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. "ఎర్రబిళ్ల లేందే పంపనమ్మా."

"పోనీ, బిడ్డనన్నా బయటికియ్యప్పా" అన్నాను నేను.

"బిళ్ల లేనోళ్లకు బిడ్డనెట్లియ్యాల? రేపు ఇంకొకామె వచ్చి నా బిడ్డేదని అడిగితే?"

"తల్లి ఈమేనని నేను సెప్తాండా గదా!" అంది ఖాలా.

"నువ్వు సెప్తే కాదు ఖాలా, బిళ్ల సెప్పాల."

అతను చెడ్డవాడు కాదు, అదే నాకు ఇంకా మంట. ముసలమ్మను వెతుకుదామంటే సంతలో ఎక్కడని వెతకను? లోపల ఏడుపు బొంగురుపోతోంది.

ఖాలా అరవలేదు. తన మెడలోని పసుపుబిళ్ల పైకెత్తి చూపించింది. "ఇది ఏ గదికైనా పోతాది గదా?"

"పోతాది."

"దీని మీద నా మొగం అచ్చేసినారా?"

"లేదు."

దారం తీసి ఆ పిల్ల మెళ్లో వేసి, ఆమె సున్నాబిళ్ల వాచ్‌మన్ చేతికిచ్చింది. "పో తల్లీ, పరిగెత్తు."

వాచ్‌మన్ తలుపు వదిలాడు. తర్వాత నసుగుతూ, "ఖాలా, బిళ్ల లేకుండా నువ్వు లోపలుండగూడదు" అన్నాడు.

"ఆ పిల్ల సున్నా ఉంది గదప్పా, అది నాకియ్యి" అని చెయ్యి చాపింది.

రెండు ఊళ్ల గేట్లకూ పెత్తనం చేసే మనిషి, ఆ సున్నా మెళ్లో వేసుకుని, జత దొరకని ఆడవాళ్ల వరసలో జరగమని చోటు చేసుకుని కూర్చుంది. లోపల ఏడుపు ఎక్కిళ్లుగా మారి, ఆగింది. ఖాలా కాళ్లు బారజాపి, తల గోడకు ఆనించి, ఛాతీ మీద సున్నాతో హాయిగా కళ్లు మూసుకుంది.