అల్లుడి దిండులో దూది

ఆడవాళ్ళ నడుములు తడమడం నా ఉద్యోగం. నవ్వకండి, కోయంబత్తూరు మిల్లులో దానికి జీతం ఇచ్చి, ఖాకీ చీర కూడా ఇచ్చేవాళ్ళు. షిఫ్టు ముగిసి సంగు, అదే మిల్లు సైరను, ఊదగానే గేటు పక్కన తడక గదిలో నిలబడి, బయటికెళ్ళే ఆడవాళ్ళందరినీ తడిమి పంపాలి. పిడికెడు దూదైనా సరే, గేటు దాటితే దొంగతనమే. దొరికితే పని పోతుంది. మగవాళ్ళను తడిమే వాచ్‌మన్ బయట ఉండేవాడు కానీ, వాడి చెవులు మాత్రం నా తడకకే అతుక్కుని ఉండేవి.

చేరిన కొత్తలో నాకు రూలంటే దేవుడి మాట. ఒకరోజు దూది ఏకే కార్డింగు విభాగంలో పనిచేసే ఇరవై ఏళ్ళ పిల్ల పావడా ముడిలో గుప్పెడు వేస్టు దూది దొరికింది. "ఇదేంటికే?" అంటే తల వంచుకుంది. నాకు తెలియదా ఏంటికో? నాకూ నెలకోసారి ఆ అవసరం ఉంది. అయినా రిపోర్టు రాసేశాను. ఎంక్వైరీలో అంతమంది మగవాళ్ళ ముందు ఆ పిల్ల నోరు విప్పలేదు. నన్నడిగితే "దొరికింది సార్, గుప్పెడు" అన్నాను. మర్నాటి నుంచి ఆ పిల్ల పనిలోకి రాలేదు.

మరుసటి ఏడు మా వీధి అక్క దొరికింది. యాభై దాటిన మనిషి, మొగుడు పోయాక ఇల్లంతా ఆమె జీతం మీదే నడిచేది. రైకలో తెల్లగా, మెత్తగా మొదటి రకం దూది!

"ఏంటక్కా ఇది?"

"మెల్లిగా మాట్లాడు అమ్మణీ! దీపావళికి మాపిళ్ళ వస్తాండాడు. పోయినసారి దిండు రాయి మాదిరి ఉండాదని మూతి ముడిచినాడు."

"వాని తల పగలా! అల్లుని దిండు కోసం నీ పని పోగొట్టుకుంటావా?"

అంతే, బయట విజిల్ మోగింది. వాచ్‌మన్ దొంగ చెవులకు 'దూది' అన్న మాట అందినట్టుంది. దూది రైకలో ఉండగానే ఇద్దరినీ ఆఫీసుకు నడిపించాడు. అక్క కొంగు నిండుగా కప్పుకుంది. నాకు మాత్రం పోయిన ఏడు వంచుకున్న ఆ తల కళ్ళముందు మెదిలి, ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఈమె దగ్గర దూది ఉందా, లేదా?" అన్నాడు మేనేజరు.

"ఉంది సార్."

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కడుంది?"

"ఆడవాళ్ళు నెలనెలా పెట్టుకునే చోట సార్. రూలు ప్రకారం సాక్ష్యం టేబుల్ మీద పెట్టాలి కదా. తీసి పెట్టమంటారా? ఇక్కడేనా, తలుపు వేయాలా?"

గుమాస్తా చేతిలోంచి పెన్ను జారిపోయింది. లేబర్ ఆఫీసరు తలెత్తి ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాడు. మేనేజరు రెండు చేతులూ ఊపి "పో, పో!" అన్నాడు. తర్వాత చీవాట్లన్నీ వాచ్‌మన్‌కే పడ్డాయి, కడుపు నిండా.

గేటు దాటాక అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "నాకది నిలిచిపోయి ఐదేండ్లయిందే అమ్మణీ! ఈ నెరిసిన తల చూసైనా ఒక్కనికీ తట్టలేదే!" ఇద్దరం రోడ్డు పక్కన కూలబడి నవ్వాం.

దీపావళికి అక్క నన్ను పిలిచి దిండు చూపించింది. అల్లుడుగారు దాని మీద తల పెట్టి, పట్టపగలే గురక పెట్టి నిద్రపోయి, టిఫినుకు లేచారట. చేత్తో నొక్కి చూశాను. చాలా మెత్తగా ఉంది. అక్క పెట్టిన అధిరసం, అదే మన అరిసె, కొరక్కుండానే పక్కన పెట్టేశాను. ఆ కార్డింగు పిల్ల దగ్గర దొరికింది ఇందులో పదో వంతు కూడా ఉండదు. అక్క కోసం మేనేజరుకు చెప్పిన మాటే ఆరోజు ఆ పిల్ల కోసం చెప్పి ఉంటే, అది అబద్ధం కూడా అయ్యేది కాదు.